డబ్బా మీది బొట్టు

ఆ శనివారం లూదియా చేయవలసిన పనులు ఇవి.

బండి సీటు విప్పి లోపలి నల్లడబ్బా బయటికి తీయాలి. నంద్యాల బస్సు పట్టుకోవాలి. బండి అమ్మిన స్టీఫెన్ అంకుల్‌తో గొంతు పెంచకుండా మాట్లాడాలి. రాళ్ల యార్డు పుల్లయ్యకు ఫోన్ చేసి, సోమవారం నాయన తప్పక పనికి వస్తాడని చెప్పాలి. ఆదివారానికి నాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి. బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలి. నాయన చేత ఒక్క మాటైనా మాట్లాడించాలి.

అన్నిటిలోకీ ఆ చివరిదే కష్టం.

నిన్న సాయంత్రం నుంచి బాలస్వామి నోరు విప్పలేదు. హైవే పక్కన ఆగిపోయిన, నడవలేనివాళ్ల బ్యాటరీ బండిని, అందులో కూర్చున్న మనిషిని కలిపే ఎత్తి మొక్కజొన్న ట్రాక్టరు ట్రాలీలో పెట్టారు. మూటల మధ్య కూర్చోబెట్టి, ఆళ్లగడ్డ బజారంతా చూస్తుండగా తెచ్చి ఇంటి ముందు దించారు. దించినవాళ్లు మంచివాళ్లే. నీళ్లు అడిగి తాగారు. పోతూ పోతూ అందులో ఒకడు, "ఈ వయసులో ఇంటికాడ కూర్చోరాదా పెద్దాయనా, ఏంటికి నీకీ తిప్పలు," అన్నాడు.

బాలస్వామికి యాభై దాటి ఎంతో కాలం కాలేదు. యార్డులో రాయి దించుతుండగా బండ జారి కాళ్ల మీద పడింది. కాళ్లు చచ్చుబడ్డాయి, చేతులు మిగిలాయి. ఆ చేతులతోనే మళ్లీ సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతున్నాడు. యార్డు దాకా ఆటోలో పోవచ్చు. కానీ ఆటోలోకి ఎక్కించడానికి ఇద్దరు, దించడానికి ఇద్దరు కావాలి. తనను ఒకరు మోయకూడదనే కదా ఈ బండి తీసుకున్నది.

లూదియా వసారాలో చాప మీద కూర్చొని స్క్రూలు తిప్పుతోంది. అవి తిరగడం లేదు. తలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. బండే కాదు, బండికి బిగించిన స్క్రూ కూడా మెత్తటి లోహంతో చేశారు. ఈ ఇంట్లో ఇప్పుడు దువ్వెన కంటే స్క్రూడ్రైవరే ఎక్కువగా చేతికి తగులుతోంది.

మొదట హారన్ పోయింది. పోతే పోనీ అనుకున్నారు. తర్వాత చార్జరు కాలిన వాసన వచ్చింది. తర్వాత బ్రేకు తీగ తెగింది. సీటు కింద అతుకు ఊడితే వెల్డింగు అంగడికి మోసుకుపోయారు. దీపం పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విరిగితే దెబోరా తన పాత చీర అంచు చింపి కట్టింది. ఇప్పుడు మోటారుకు కరెంటు అందించే నల్లడబ్బా. కంట్రోలర్ అంటారు. ఇది చెడిపోవడం మొదటిసారి కాదు.

"స్టీఫెన్ అన్నతో కొట్లాడొద్దు," అంది దెబోరా, టీ గ్లాసు కూతురి పక్కన పెడుతూ.

"కొట్లాడేకి కాదు మా. అడిగేకి పోతాండా."

"నీ అడగడం నాకు తెలీదా? నువ్వు అడిగితే ఎదుటోనికి చెంపమీద కొట్టినట్టుంటాది."

"మరి ఎట్ల అడగల్ల? పాట పాడల్లా?"

దెబోరా కూర్చుంది. కూర్చుందంటే మాట పొడుగవుతుందని లూదియాకు తెలుసు. కర్నూలు ఆస్పత్రిలో నాయన పడి ఉన్నప్పుడు మన చుట్టాలెవరూ తొంగి చూడలేదనీ, స్టీఫెన్ అన్న మాత్రం అంగడి మూసి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడనీ, సంఘ పెద్ద అయ్యుండి బెడ్‌పాన్ కూడా పట్టాడనీ గుర్తు చేసింది. అదంతా నిజమే. లూదియా కాదనలేదు. కానీ ఆ మంచితనానికీ ఈ స్క్రూకూ సంబంధం ఏమిటని అడిగింది.

"ఇంగొకటి గూడా ఇను. ప్రార్థన చేసిన వస్తువును తిట్టగూడదు."

లూదియా చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ప్రార్థన చేసింది నాయన కోసం మా. ఆ రేకు కోసం కాదు. ఆ ప్రార్థన కోసం ఆగే గదా మనం నష్టపోయింది."

దెబోరా ముఖం చిన్నబోయింది. ఆ మాట ఇంట్లో చాలాసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయారు.

వాళ్లింట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా అయ్యగారు చేయి పెట్టి ప్రార్థన చేయకుండా వాడరు. లూదియా కాలేజీ సంచి కూడా అలా ఒక ఆదివారం ఆగింది. బండి వచ్చిన రోజు పాస్టరు అజయ్ కుమార్ గారు కన్వెన్షన్‌కు పోయి ఉన్నారు. అక్కడి నుంచి ఇంకో ఊరి కూడికకు పోయారు. అన్నాళ్లూ బండి అట్టపెట్టెలోనే ఉంది. దెబోరా రోజూ ఆ పెట్టె మీది దుమ్ము తుడిచేది. ఎక్కి చూద్దామని లూదియా అంటే, స్టీఫెనే ఫోన్‌లో చెప్పాడు, అయ్యగారి చేయి పడకుండా ముట్టుకోవద్దమ్మా అని. అయ్యగారు వచ్చి, ప్రార్థన చేసి, బాలస్వామి ఎక్కి వీధి చివరిదాకా పోయేలోగా బండి ఆగింది. అప్పటికి కొత్తది మార్చి ఇచ్చే గడువు దాటింది. గడువు సంగతి స్టీఫెన్‌కు తెలుసు. వీళ్లకు తెలియదు.

"ఆయన్న దేవుని మాట చెప్పినాడు," అంది దెబోరా.

"తన మాటే చెప్పినాడు. దేవుని పేరు పెట్టినాడు."

మంచం మీద నుంచి ఒక చేయి ముందుకు వచ్చింది. బాలస్వామి పట్టకారు లాంటి చిన్న శ్రావణం పట్టుకొని ఉన్నాడు. స్క్రూ తలను స్క్రూడ్రైవరుతో కాకుండా దానితో పట్టి తిప్పమని. లూదియా తీసుకుంది. స్క్రూ కదిలింది. ఆయన మాత్రం మాట్లాడలేదు.

పుల్లయ్యకు ఫోన్ చేస్తే ఆయన విసుక్కోలేదు. అదే ఇంకా బాధ. సమాధుల పండుగ దగ్గర పడిందనీ, రాళ్లు వరసగా పడి ఉన్నాయనీ, పేర్ల కోసం వాళ్ల వాళ్లు వచ్చి అడుగుతున్నారనీ చెప్పాడు. బాలస్వామి చేతి అక్షరం అంటే తనకూ ఇష్టమేనన్నాడు.

"సోమవారం రాకుంటే అక్షరాలు మిషన్‌కు పెట్టిస్తా పాపా. ఒకసారి మిషన్‌కు పెట్టినాక మళ్లా మనిషికి ఇయ్యలేను. మీ నాయనకు నువ్వే చెప్పు."

చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో ఆయన గొంతు వసారా అంతా వినిపించింది. బాలస్వామి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నంద్యాలలో స్టీఫెన్ అంగడి మెట్ల మీద ఒక ఆమె కూర్చొని ఉంది. పక్కన టిఫిన్ డబ్బా, ఒడిలో చేతిసంచి. లూదియా చేతిలో తీగలు వేలాడే నల్లడబ్బా చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

"నీదీ అదేనా తల్లీ?"

"అదే పెద్దమ్మా."

ఆమె పేరు వెంకటమ్మ. పగిడ్యాల నుంచి నందికొట్కూరు వచ్చి, అక్కడ బస్సు మారి వచ్చింది. కొడుకు సందీప్‌కు చిన్నప్పటి నుంచి నడుము కింద పట్టులేదు. బండి వచ్చినాక ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడికి పోయి కూర్చొని పని నేర్చుకుంటున్నాడు. బండి ఆగిపోతే ఆటోలో వేసి ఇక్కడికి తెచ్చి అప్పజెప్పింది. అప్పటి నుంచి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. డబ్బా కంపెనీకి పోయి బాగై రావాలంట.

"ఆగిపోయినప్పుడు మీవాడు ఏమంటాడు?" అని అడిగింది లూదియా. ఎందుకు అడిగిందో తనకే తెలియదు.

"ఏమంటాడు, నవ్వుతాడు. దసరాకు బండికంతా పసుపు పూసి బొట్లు పెడతాంటే, లోపలి డబ్బాకు గూడా పెట్టుమా, అలిగేది అదే గదా అన్నాడు. సీటు ఎత్తి దానికీ పెడితి." వెంకటమ్మ నవ్వబోయి ఆగింది. "ఇప్పుడు నవ్వడంల్యా తల్లీ. మంచం మీద పండుకొని గోడ తట్టు తిరిగిపోయినాడు."

లూదియాకు గోడవైపు తిరిగిన వీపు కనిపించింది.

లోపల స్టీఫెన్ లూదియాను చూసి లేచాడు. వందనాలు చెప్పాడు, కుర్చీ వేయించాడు, నాయన ఎట్లున్నాడని అడిగాడు. లూదియా డబ్బాను బల్ల మీద పెట్టింది. గొంతు పెంచకూడదని బస్సులో వచ్చినంతసేపూ తనకు తాను చెప్పుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ట్రాక్టరు సంగతి కూడా చెప్పింది.

స్టీఫెన్ డబ్బాను తిప్పి చూశాడు. తడి తగిలుంటుందన్నాడు. తగలలేదంది. బరువు ఎక్కువయ్యుంటుందన్నాడు. నాయన ఒక్కడే కూర్చుంటాడంది. మీ వీధిలో గుంతలున్నాయి, ఇది గుంతల రోడ్ల మీద తిరిగే బండి కాదన్నాడు.

"బండి తిరిగేది రోడ్డు మీదనే గదా అంకుల్."

"అట్ల మాట్లాడొద్దమ్మా."

"ఇంగెట్ల మాట్లాడల్ల? ఆళ్లగడ్డలో గుంతల్లేని రోడ్డు మీరు చూపించండి, ఆడనే తిప్పుకుంటాం."

స్టీఫెన్ డబ్బాను బల్ల మీద పడేశాడు. మొదటే వాడకుండా పెట్టెలో పెట్టినారు, బ్యాటరీ ఆ దెబ్బకే పాడైందని కంపెనీవాళ్లు అంటున్నారన్నాడు.

లూదియాకు చెవులు వేడెక్కాయి.

"పెట్టెలో పెట్టమనింది ఎవురు?"

స్టీఫెన్ డబ్బా తీగలు సర్దసాగాడు. అంగడి వెనక తెర కొంచెం తొలగి ఉంది. లోపల అలాంటి బండ్లే వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి చక్రం లేదు, ఒకదానికి సీటు లేదు. ఒకదాని హ్యాండిలుకు ఎండిపోయిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. ఒక్కో బండి వెనక ఒక్కో ఇల్లు ఉంటుంది, ఒక్కో మంచం ఉంటుంది.

"ఇన్ని ఆగిపోయినాయి. మీకు తెలుసు. తెలిసి మళ్లా అమ్ముతాండారు."

"నేను చేసినానా ఆ బండి?" ఈసారి స్టీఫెన్ గొంతే పెరిగింది. "కంపెనీవాడు ఫోన్ ఎత్తడు. సామాను పంపడు. అందరూ వచ్చి నా అంగట్లో నన్ను తిడతారు. నేను పోయి ఎవుర్ని తిట్టల్ల? చెప్పు."

"నాకు తెలీదు. నేను కమిషన్‌కు రాస్తా. వినియోగదారుల కమిషన్‌కు. మీ పేరూ రాస్తా, కంపెనీ పేరూ రాస్తా."

స్టీఫెన్ బల్ల దాటి ముందుకు వచ్చాడు. సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల, సంఘ పెద్ద మీద కోర్టుకు పోతుందా అన్నాడు. సహోదరుని మీద న్యాయస్థానానికి ఎక్కవచ్చునని ఏ వాక్యంలో చదివావన్నాడు. మీ ఇంట్లో మొదటి డిగ్రీ నీదేనని గుడిలో నిలబెట్టి అందరి చేత చప్పట్లు కొట్టించింది నేనే కదా, ఆ చదువు ఇందుకేనా అన్నాడు.

"ఇందుకే అంకుల్. ఇందుగ్గాకుంటే ఇంకెందుకు?"

అప్పుడు స్టీఫెన్ స్వరం తగ్గింది. రేపు ఆరాధనకు ఒక ట్రస్టువాళ్లు వస్తున్నారని గుర్తు చేశాడు. కొలిమిగుండ్ల వైపు పల్లెల్లో నడవలేని వాళ్లందరికీ బండ్లు ఇవ్వాలని వాళ్ల ఆలోచన. బండి ఎక్కిన మనిషి నోట ఒక మాట వినాలంటున్నారు. బాలస్వామి సాక్ష్యం చెబుతాడని అయ్యగారు కూడా వాళ్లకు చెప్పేశారు.

"కూర్చో," అని తెర వెనక్కి పోయాడు.

లోపల ఏదో విప్పుతున్న చప్పుడు వినిపించింది. పెట్టె విప్పుతున్నాడనుకుంది. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో పాత పేపరు చుట్టిన డబ్బా ఉంది.

"కొత్తది. ఒక్కటే ఉండె. నీకిస్తాండా. మీ నాయనకు చెప్పు, రేపు గుడికి బండిలోనే రావల్లని."

లూదియా అది తీసుకొని బయటికి వచ్చింది. మెట్ల మీద వెంకటమ్మ తలెత్తింది.

"దొరికిందా తల్లీ?"

"దొరికింది పెద్దమ్మా."

"మంచిదాయె. నీకు దొరికిందంటే మాకూ బేగా వస్తాది." ఆమె లూదియా చేతిలోని పొట్లాన్ని ఒకసారి తాకి చూసి చేయి వెనక్కి తీసుకుంది.

పొద్దు ఇంకా ఉండగానే లూదియా ఇల్లు చేరింది. బాలస్వామి లేచి కూర్చున్నాడు. పొట్లం అందుకొని తనే పేపరు విప్పాడు. బట్టతో దుమ్ము తుడిచాడు. తుడుస్తున్న చేయి ఆగింది. డబ్బాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలితో మళ్లీ ఒకసారి రుద్ది చూశాడు.

"ఇది ఎవురిది?"

నిన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట.

"కొత్తది నాయనా. అంకుల్ ఇచ్చినాడు."

"కొత్తదానికి బొట్టు ఉంటాదా?"

లూదియా దగ్గరికి వచ్చి చూసింది. నల్లటి రేకు మధ్యలో ఎండిన పసుపు. దాని మీద కుంకుమ. చెరిగిపోయింది కానీ పోలేదు. వేలితో గుండ్రంగా దిద్దిన బొట్టు.

అలిగేది అదే గదా.

ఆమె మెట్ల మీది మాటలన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ దెబోరా ఇస్త్రీ చేస్తూనే ఉంది. చివరికి ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది.

"అంగట్లో పనోళ్లు పెట్టింటారు. ప్రతిదానికీ ఏదో ఒకటి పుట్టించొద్దు."

"నేను పుట్టించల్యా మా. ఆమె కడుపున పుట్టినోడు పగిడ్యాలలో పండుకోనుండాడు."

"అయితే మనం దొంగిలించినామా? ఇచ్చినారు, తెచ్చుకున్యావు. సోమవారం యార్డుకు పోకుంటే ఏమైతాదో తెలుసు గదా? ఆ చోటు పోతే మీ నాయన ఇంగ ఈ మంచం దిగుతాడా?" దెబోరా చొక్కా చేతిలోకి తీసుకుంది. "ఆయమ్మ కొడుకు గురించి ఆయమ్మ చూసుకుంటాది. నా మనిషి గురించి నేను చూసుకోవద్దా?"

 నిజానికి లూదియా మనసులోనూ ఒక లెక్క నడుస్తోంది. కొంచెం తడబడుతూ అదే బయటపెట్టింది. సమాధుల పండుగ దాటేదాకా ఉంచుకుందాం. చెక్కాల్సిన పేర్లు అయిపోతాయి, యార్డులో చోటు నిలబడుతుంది. తర్వాత నేనే అతని బండికి బిగించి పగిడ్యాలకు చేర్చి వస్తాను.

బాలస్వామి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది లేకపోవడమే ఆమె భరించలేకపోయింది.

"అందాక ఆ పిల్లోడు?"

దెబోరా మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. వీధిలో ఎవరిదో మోటారు సైకిలు ఆగింది. పాస్టరు అజయ్ కుమార్ గారు చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.

ఆయన నెమ్మదైన మనిషి. రేపటి ఆరాధన సంగతి చెప్పారు. ట్రస్టువాళ్లు వస్తున్నారనీ, బాలస్వామి సాక్ష్యం విని ఎంతమందికి మేలు కలుగుతుందో అనీ అన్నారు. స్టీఫెన్ గారు ఈ పని కోసం ఎంత తిరుగుతున్నారో చెప్పారు. బండి ఇప్పుడు బాగుందా అని అడిగారు. దెబోరా ఇస్త్రీపెట్టె వైపు చూసింది. లూదియా నేలవైపు చూసింది. డబ్బా బాలస్వామి ఒడిలో బట్ట కింద ఉంది.

"చెప్తానయ్యా," అన్నాడు బాలస్వామి. "సాక్ష్యం చెప్తా."

అయ్యగారు సంతోషించి, ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా లూదియా ఓర్చుకుంది.

"ఏం చెప్తావు నాయనా? ఈ బండి నాకు కాళ్లిచ్చిందని చెప్తావా? ఇవే రేకులు కొలిమిగుండ్లకు గూడా పోవల్లనా?"

బాలస్వామి డబ్బాను బండిలో పెట్టి తీగలు కలుపుతున్నాడు.

"మరి బిగిస్తాండావే?"

"రేపు గుడికి నేనే పోవల్ల. రేపు మాత్రం నన్నెవురూ మోయగూడదు."

"మోస్తే ఏమైతాది?"

"ఒకరు మోస్తే వచ్చినోని మాట ఎవురింటారు?" అని శ్రావణం కోసం చేయి చాచాడు.

ఆదివారం బండి ఆగలేదు.

గుంతల దగ్గర ఆగలేదు, బజారులో ఆగలేదు, హోటలు ముందు నిలబడి చూస్తున్నవాళ్ల దగ్గర ఆగలేదు. తెల్లచొక్కా వేసుకున్న బాలస్వామి ముందు పోతుంటే, తల్లీకూతుళ్లు వెనక నడిచారు. మొదటిసారి లూదియాకు ఆ బండి నిజంగా ఎలా నడవాలో తెలిసింది. ఇంత మెత్తగా, ఇంత తేలిగ్గా నడిచేలా ప్రతి బండినీ చేయగలిగేవాళ్లే. చేయలేదు. చేతకాక కాదు, అక్కర్లేక. ఆ తలంపుకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.

గుడిలో స్టీఫెన్ ముందు వరుసలో ట్రస్టువాళ్ల పక్కన కూర్చున్నాడు. బండి గడప దాటి నున్నగా లోపలికి రావడం చూసి చిరునవ్వు నవ్వాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. దెబోరా ఆడవాళ్ల వైపు పోయి కూర్చొని, చేతిసంచి ఒడిలో గట్టిగా పట్టుకుంది.

పాటలయ్యాక అయ్యగారు పేరు పిలిచారు. బాలస్వామి బండిని ముందుకు నడుపుకుపోయి, జనం వైపు తిప్పి ఆపాడు. మైకు చేతికిచ్చారు.

"అందరికీ వందనాలు. నాకు మాటలు రావు. రాయి కొట్టేవాణ్ణి. ఈ పొద్దు ఈ బండి యాడా ఆగకుండా వచ్చింది. దేవునికి స్తోత్రం."

స్తోత్రం, అన్నారు అందరూ. స్టీఫెన్ కూడా అన్నాడు.

"ఏంటికి ఆగలేదో గూడా చెప్పల్ల. దీంట్లో ఉండే డబ్బా నాది కాదు. పగిడ్యాలలో సందీప్ అని ఒక పిల్లోడు ఉండాడు. నేను వాణ్ణి చూడల్యా. బాగుచేస్తారని వాళ్లమ్మ బండి అప్పజెప్పి అంగడి మెట్ల మీద కూర్చునింటే, లోపల బాగై వచ్చిన వాని డబ్బానే విప్పి నాకిచ్చినారు. మంచం మీద పడినోని మీద కూర్చొని వచ్చినట్టుంది నాకు."

 ట్రస్టువాళ్లలో ఒకాయన స్టీఫెన్ వైపు తిరిగాడు. స్టీఫెన్ ఎవరి వైపూ చూడటం లేదు.

"నేనొక పేరు చెక్కితే ఆ మనిషి మనవడు వచ్చి చదువుకుంటాడు. వాని మనవడు గూడా చదువుకుంటాడు. అట్ల చెక్కకుంటే పుల్లయ్యన్న నన్ను పని కాడికి రానియ్యడు. చచ్చినోళ్లకు అంత గట్టిగా చేస్తాండాం. బతికినోళ్లకు ఏంటికి ఇట్లాంటి రేకులు చేస్తాండారు? కూర్చునేది అవిటోడు, లేచి వచ్చి అడగలేడనా?"

ఆయన గొంతు పెరగలేదు. 

"స్టీఫెన్ అన్న నాకు కష్టంలో తోడుండినాడు. అది మర్చిపోను. అట్లని దీన్ని దాచలేను. ట్రస్టు అయ్యలకు ఒకటే మాట. ఇయ్యేది ఇయ్యండి, నిలబడేది ఇయ్యండి. కొలిమిగుండ్లలో గూడా మనుషులే ఉండేది."

మైకు రెండో చేతికి మార్చుకొని అన్నాడు:

"ప్రార్థన మనవి ఒకటి ఉంది. నన్ను గాదు. సందీప్‌ను జ్ఞాపకం చేసుకోండి. లూదియా, డబ్బా విప్పమ్మా. ఈ పొద్దే వాని బండికి బిగించి పగిడ్యాలకు చేర్చల్ల."

లూదియా లేచింది. లేచాక గుర్తొచ్చింది, తన చేతిలో ఏ పనిముట్టూ లేదు. విప్పితే రేపు సోమవారం నాయన ఎలా పోతాడో, అదీ తెలియదు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి దెబోరా లేచి వచ్చింది. చేతిసంచి తెరిచి శ్రావణం బయటికి తీసింది. ఇంటి నుంచి ఆమె ఎప్పుడు పెట్టుకుందో ఎవరూ చూడలేదు. కూతురికి ఇవ్వలేదు. తనే మోకాళ్ల మీద కూర్చొని, భర్త కాళ్ల పక్కన సీటు కిందికి చేయి పోనిచ్చింది. ఏడుస్తూనే స్క్రూ తిప్పుతోంది.

మొదటి స్క్రూ నేల మీద పడి దొర్లింది. దొర్లి దొర్లి ముందు వరుసలో ఒక బూటుకు తగిలి ఆగింది.

స్టీఫెన్ వంగి దాన్ని తీసుకున్నాడు. పిడికిలి మూసి లేచి నిలబడ్డాడు. అయ్యగారు ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు. బండి వైపు నడిచాడు.

అతను ఏం చేయడానికి వస్తున్నాడో దెబోరాకు తెలియదు. తల ఎత్తకుండా రెండో స్క్రూ పట్టుకుంది.

ఈ కథలో సందీప్ ఇంతవరకు మీకు కనిపించలేదు. గుడిలో ఉన్నవాళ్లెవరూ అతన్ని చూడలేదు. ఈ ఆదివారం కూడా అతను పగిడ్యాలలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు, తన పేరు ఇక్కడ పలికారని తెలియకుండా. బండి ఎవరిదైనా, డబ్బా ఎవరి చేతికి పోయినా, ఈ పేజీ మూసేముందు అతన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.